మూడో వరుస

ఆ బండిలో ఏడుగురు ప్రయాణిస్తున్నారు. వాళ్ళలో ఆరుగురు ఊపిరి పీల్చడం లేదు.

డాక్టర్ ఇందుకూరి హైమవతి స్క్రీన్ మీది అంకెలను మళ్ళీ చూసింది. సెన్సర్లు పాడయ్యాయేమోనని సీటు సీటుకీ పరీక్షించింది. అన్నీ సవ్యంగానే ఉన్నాయి. ట్రయల్ మీద ఇచ్చిన మూడు వరుసల ఎస్‌యూవీ బీచ్ రోడ్డు మీద భీమిలి వైపు నెమ్మదిగా వెళుతోంది. డ్రైవర్ సీట్లో ఒక గుండె మామూలుగా కొట్టుకుంటోంది. మిగతా ఆరు సీట్లలోనూ బరువుంది, వెచ్చదనముంది, బెల్టులు కూడా పెట్టి ఉన్నాయి. కానీ మలుపులో బండి ఒరిగినప్పుడు ఆ ఆరుగురూ ఒరిగారు. ఒరిగినవాళ్ళు మళ్ళీ లేవలేదు. పైగా ఒక్కొక్కరే చల్లబడిపోతున్నారు.

బ్యాటరీ నుంచి విషవాయువేదైనా లోపలికి వచ్చిందా? ఆమె లాబ్ నుంచే సిగ్నల్ పంపి ఆ బండిని ఆపింది. పరుగున కిందికి వెళ్ళి తన బండి ఎక్కింది.

ఆమె చేరేసరికి డ్రైవర్ రోడ్డు పక్క గట్టు మీద కూర్చుని సముద్రం చూస్తున్నాడు. యాభై దాటిన మనిషి. పోర్టులో ఇచ్చే నీలం చొక్కా, రంగు వెలిసిపోయింది. హైమవతి అతన్ని పలకరించకుండానే వెళ్ళి వెనక తలుపు లాగింది.

సీట్లలో బియ్యం బస్తాలున్నాయి. ఒక్కో బస్తాకీ తువ్వాలుతో కట్టిన వేడినీళ్ళ సంచి. బెల్టులు జాగ్రత్తగా పెట్టాడు.

ఇక్కడ ఆ యంత్రం గురించి కొంచెం చెప్పాలి.

ఆ రోజుల్లో బ్యాటరీలకు కావలసిన ఖనిజాలు కరువైపోయాయి. బండిలో ప్రతి సీటూ అదనపు బరువు, ప్రతి బరువుకూ అదనపు బ్యాటరీ. ఒకప్పుడు విశాఖపట్నంలో ఏడు సీట్ల బళ్ళు ఒక్క మనిషిని మోసుకుంటూ తిరిగేవి. ఆరు ఖాళీ సీట్లను ఊరంతా ఊరేగించడానికి అంత కరెంటు దేనికి అని అడిగింది హైమవతి. అడిగి ఊరుకోలేదు, ఆక్యుపెన్సీ ప్రెడిక్టర్‌ని తయారుచేసింది. బండి కావాలన్నవాళ్ళకు కంపెనీవాళ్ళు ముందు కొన్నాళ్ళు పెద్ద బండి ట్రయల్‌కి ఇస్తారు. సీటు కుషన్లలోని సెన్సర్లు ఎవరు కూర్చున్నారు, ఎంతసేపు కూర్చున్నారు, మాట్లాడుకున్నారా, నిద్రపోయారా అన్నీ గమనిస్తాయి. రాబోయే ఏళ్ళలో ఆ ఇంటివాళ్ళకు నిజంగా ఎన్ని సీట్లు కావాలో యంత్రం లెక్కగడుతుంది. అన్ని సీట్ల బండే ఇస్తారు. అక్కడితో అయిపోదు. ఇచ్చిన బండినీ గమనిస్తూనే ఉంటారు. వాడని సీటుంటే మరుసటి ఏడు బండి మార్చేస్తారు.

చెయ్యి చూడకుండానే జరగబోయేది చెబుతుంది కాబట్టి జనం దాన్ని సోది మిషన్ అనేవారు.

"ఏమిటిది?" అంది హైమవతి. భయం తీరిపోయి ఆ స్థానంలో కోపం వచ్చింది.

అతను లేచి నిలబడ్డాడు. "బియ్యమమ్మా."

"అది కనబడుతూనే ఉంది. సీట్లలో ఎందుకు పెట్టారు?"

"ఇది మా తమ్ముడు శ్రీరాములు," అన్నాడు అతను, రెండో వరుసలోని పెద్ద బస్తా చూపించి. "పక్కది మరదలు. ఎనకాల మా చెల్లి గౌరీశ్వరి, బావగారు. ఈ చిన్న మూటలు తమ్ముడి పిల్లలు. బరువులు సరిగ్గానే కట్టినానమ్మా. చిన్నప్పుడు ఆళ్ళని మోసినోణ్ణి, నాకు తెలీదా?"

అతని పేరు గొర్లె పైడిరాజు. పోర్టులో క్రేన్ నడిపి రిటైరయ్యాడు. తల్లీ తండ్రీ చిన్నప్పుడే పోతే తమ్ముణ్ణీ చెల్లెల్నీ తనే పెంచాడు, చదివించాడు, పెళ్ళిళ్ళు చేశాడు. ఆ హడావిడిలో తన పెళ్ళి సంగతి ఎవరికీ గుర్తురాలేదు, అతనికి కూడా. తమ్ముడిది గాజువాక, చెల్లెలిది మధురవాడ. మధ్యలో పైడిరాజు ఒక్కడూ ఉంటాడు.

"మీరు ఇలా చేస్తే ట్రయల్ రద్దవుతుంది. తెలుసా?"

"తెలుసు డాక్టరమ్మా," అన్నాడు ఆమె మెడలోని కార్డు చూసి. "ట్రయల్ మొదలైన కాడినుంచీ బండిలో నేనొక్కణ్ణే. ఇలాగే వదిలేస్తే మీ మిషను ఒక్క సీటే రాస్తాది."

"ఒక్కరే తిరిగేటప్పుడు ఒక్క సీటు చాలదా?"

పైడిరాజు చిన్న మూటకి పెట్టిన బెల్టు సవరించాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "సీటుంటే కదమ్మా, ఎక్కమని పిలిచేది."

హైమవతికి తర్కం లేని మాటలు నచ్చవు. కానీ ఆ చిన్న మూటల్లో ఒకదానికి బెల్టు మెడ దగ్గర ఒరుసుకోకుండా జేబురుమాలు మడతపెట్టి ఉంది. అది చూశాక రద్దు అనే మాట నోటివరకూ వచ్చి ఆగిపోయింది.

"వచ్చే ఆదివారం వాళ్ళను నిజంగా ఎక్కించుకురండి," అంది. "మనుషులు కూర్చుని కబుర్లు చెప్పుకుంటే ఆ రీడింగ్‌కి చాలా విలువ ఉంటుంది. కాకపోతే, మోసం జరిగిన బండి కాబట్టి పరిశీలనకి నేనూ రావాలి. రూలు."

"రండమ్మా," అన్నాడు పైడిరాజు. అతని మొహం విప్పారింది. "చోటుకేం తక్కువ! ఒక పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుంటే సరి."

ఆదివారం పొద్దున్నే బండి తుడిచి సిద్ధంగా ఉంచాడు. హైమవతి ముందు సీట్లో కూర్చుంది. దారి పొడుగునా అతను బండి గురించే చెప్పాడు. రెండో వరుసలో విడివిడి కుర్చీలున్న మోడల్ కూడా చూశాడట. చేతులు ఆనించుకోవడానికి బాగానే ఉంటాయి కానీ పిల్లలు ఒకళ్ళమీద ఒకళ్ళు పడి దెబ్బలాడుకోవడానికి బెంచీ సీటే మేలన్నాడు. ట్రయల్‌కి తీసుకునే ముందే మూడో వరుసలో తనే కూర్చుని మోకాళ్ళు తగలకుండా ఉన్నాయో లేదో చూసుకున్నాడట. వెనక వాళ్ళకు ఏసీ గాలి విడిగా వస్తుందా, చెల్లెలికి మోకాలి నొప్పి కాబట్టి ముందు సీటు సులువుగా మడతపడుతుందా, అన్నీ విచారించాడు. సామాన్ల చోటు కాస్త తగ్గినా ఫర్వాలేదన్నాడు, సామాన్లు ఒళ్ళో పెట్టుకోవచ్చు కదా అని.

"మీ బండిలో ఎన్ని సీట్లమ్మా?" అని అడిగాడు ఉన్నట్టుండి.

"ఒకటి. మిషన్‌ని మొట్టమొదట నా మీదే పరీక్షించుకున్నాను."

"మరి ఎప్పుడైనా ఎవరైనా వస్తే?"

"రారని లెక్క వచ్చింది. రాలేదు కూడా." ఆ మాట ఆమె కొంత గర్వంగానే చెప్పింది. పైడిరాజు తల ఊపి రోడ్డు వైపు చూశాడు.

గాజువాకలో తమ్ముడి ఇంటి ముందు బండి ఆగగానే చిన్నపిల్ల ఒకతి పరుగెత్తుకొచ్చింది. శ్రీరాములు చిన్న కూతురు లిఖిత. "పెదనాన్నా!" అంటూ సీట్లమీంచి పాక్కుంటూ మూడో వరుసలోకి పోయి కిటికీకి ముక్కు ఆనించింది. హైమవతి ఒళ్ళోని టాబ్లెట్‌లో ఒక చుక్క పచ్చగా వెలిగింది. ట్రయల్‌లో మూడో వరుసకు వచ్చిన మొదటి ప్రాణం.

శ్రీరాములు బయటికొచ్చాడు. అతని వెనకే వాళ్ళ నాలుగు సీట్ల బండి దానంతట అదే గేటు దాటి వచ్చి నిలబడింది.

"అన్నయ్యా, నువ్వు ముందు పద. మేం ఎనకాలే వస్తాం."

"అదేటిరా? ఇందులోనే రండి. చోటుంది కదా."

"రావాలనే ఉంది. కానీ మా బండికీ రీడింగ్ ఉంది కదా. సీట్లు ఖాళీగా కనపడితే వచ్చే ఏడు రెండు సీట్ల బండి అంటగడతారు. పిల్లల్ని ఎక్కడ పెట్టుకోను?"

"ఒక్క ఆదివారమేరా."

"ఆదివారం రీడింగే కదన్నయ్యా ఎక్కువ పట్టించుకుంటారు." శ్రీరాములు హైమవతి వైపు తిరిగాడు. ఆమె ఎవరో అతనికి తెలియదు, కంపెనీ నుంచి వచ్చిన మనిషి అనుకున్నాడు. "మీరే చెప్పండి మేడమ్. ఈ రూలు పెట్టినోళ్ళకి అన్నదమ్ములు లేరా?"

హైమవతి తల దించుకుని టాబ్లెట్ చూసుకుంది. ఆదివారాలకు ఎక్కువ విలువ ఇవ్వాలని రాసింది తనే. కుటుంబం కుటుంబంగా తిరిగే రోజు అదేనని గుర్తించినందుకు అప్పట్లో అందరూ ఆమెను మెచ్చుకున్నారు.

"లిఖితా, దిగమ్మా," అని తల్లి పిలిచింది. "మన సీటు ఖాళీ అయిపోతాది."

పిల్ల మొహం ముడుచుకుని దిగింది. టాబ్లెట్‌లో పచ్చ చుక్క ఆరిపోయింది.

మధురవాడలోనూ అదే జరిగింది. గౌరీశ్వరి అన్న చెయ్యి పట్టుకుని, "కోప్పడకు అన్నయ్యా" అంది. ఆమెకూ భర్తకూ రెండు సీట్ల బండి. అలా మూడు బళ్ళూ ఒకదాని వెనక ఒకటి, ఎవరి కబుర్లు వాళ్ళు చెప్పుకుంటూ భీమిలి వెళ్ళాయి. ఇసుకలో దుప్పటి పరుచుకుని అందరూ కలిసి తిన్నారు. గౌరీశ్వరి తెచ్చిన రొయ్యల ఇగురు హైమవతికీ కొసరి కొసరి వడ్డించారు. ఎండ తగ్గగానే ఎవరి బండి వాళ్ళు ఎక్కారు. లిఖిత వెనక అద్దంలోంచి చెయ్యి ఊపుతూనే ఉంది, ఆ బండి మలుపు తిరిగేదాకా.

తిరుగు ప్రయాణంలో పెద్ద బండిలో మళ్ళీ ఇద్దరే.

"మాకు ముందు ఒక డీజిలు బండుండేదమ్మా," అన్నాడు పైడిరాజు. "ఏడుగురికని కొన్నాం. పదిమందిమి ఎక్కేవోళ్ళం. మా చెల్లిని అత్తారింటికి అందులోనే దింపినాను. దారంతా ఏడుస్తానే ఉంది. ఎనకనుంచి మా శ్రీరాములు దాన్ని ఏడిపించి ఏడిపించి నవ్వించేసినాడు." అతను అద్దంలో వెనక సీట్ల వైపు ఒకసారి చూశాడు. "డీజిలు బళ్ళు తీసేసినప్పుడు అదీ తుక్కుకి పోయింది."

హైమవతి ఆ సాయంత్రం చాలా మాట్లాడింది. ఎందుకు మాట్లాడిందో ఆమెకే తెలియదు. హాస్టళ్ళలో గడిచిన చదువు, లాబ్‌లో ఒక్కతే తినే మధ్యాహ్నం భోజనం. ఒకచోట పైడిరాజు అన్న మాటకి పగలబడి నవ్వింది కూడా.

మర్నాడు యంత్రం ఫలితం ఇచ్చింది. గొర్లె పైడిరాజుకు రెండు సీట్లు కావాలి.

ఆమె ఆశ్చర్యంగా వివరాలు తెరిచింది. ట్రయల్ మొత్తంలో కదిలే బండిలో ఒక్క ప్రయాణికురాలు దొరికింది. ముందు ఎడమ సీటు, మహిళ. చాలాసేపు కూర్చుంది, మాట్లాడింది, నవ్వింది. మళ్ళీ వచ్చే అవకాశం చాలా ఎక్కువ అని రాసింది యంత్రం.

పరిశీలకుల రీడింగ్ తీసేయాలి. అదీ రూలే. హైమవతి తెర ముందు చాలాసేపు కూర్చుంది. అబద్ధపు కొలతను ఉంచితే ఇక ఏ కొలతకు విలువ ఉంటుంది? తన రీడింగ్ తీసేసింది. అంకె మారింది. ఒకటి.

పైడిరాజు ఆ మాట విని గొడవేమీ చెయ్యలేదు. ట్రయల్ బండి తాళం బల్ల మీద పెట్టాడు. "ఒక్క సీటు బండి నాకొద్దమ్మా. నాకు బస్సుంది" అని, దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు.

కొన్నాళ్ళకు కంపెనీ పెద్ద సభ పెట్టింది. ఊళ్ళో యంత్రం చెప్పిన జోస్యాలు దాదాపు ఒక్కటి కూడా తప్పడం లేదని ప్రకటించి చప్పట్లు కొట్టారు. హైమవతి మాత్రం చప్పట్లు కొట్టలేదు. ఎందుకు తప్పడం లేదో ఆమెకు అర్థమైంది. రారు అని చెప్పి సీటు తీసేశాక ఎవరైనా ఎలా వస్తారు?

సభ అయ్యాక కంపెనీ కమిటీ ముందు ఒక కోరిక పెట్టింది. ప్రతి బండిలో లెక్క కంటే ఒక సీటు ఎక్కువ ఉంచుదాం.

"ఎవరి కోసం?" అన్నాడు చైర్మన్.

"ఎవరో ముందే తెలియదు."

"తెలియకపోవడమేమిటి డాక్టర్ గారూ? మీ మిషనే చెబుతోంది కదా, ఎవరూ రారని. అంతమంది డేటా కాదని ఒక్కరి మాట వినమంటారా?"

పక్కనున్నవాళ్ళు నవ్వారు. చైర్మన్ వాడిన వాదన ఏళ్ళ క్రితం ఇదే గదిలో ఆమె వాడినదే. ఆమె కోరికను కమిటీ తోసిపుచ్చింది.

బయట వాన పడుతోంది. తన ఒంటి సీటు బండిలో ఇంటికి వెళుతుంటే మద్దిలపాలెం బస్టాపులో పైడిరాజు కనిపించాడు. గొడుగు లేదు. చేతిలో స్వీట్ల పొట్లం తడవకుండా చొక్కా లోపల పెట్టుకున్నాడు. ఆమె బండి ఆపి అద్దం దించింది.

"ఎక్కడికి పైడిరాజు గారూ?"

"మా చెల్లి కాడికమ్మా. దాని పుట్టినరోజు." అతను బండిలోకి తొంగి చూసి, ఆమెకు ఇబ్బంది కలగకూడదని వెంటనే కళ్ళు తిప్పేసుకున్నాడు. "మీరెళ్ళండి, వానలో ఆగకండి. బస్సొచ్చేస్తాది."

ఎక్కండి అనడానికి హైమవతి బండిలో రెండో సీటు లేదు. ఆమె స్టీరింగ్ వదిలేసింది. తర్వాత దిగింది. బండిని దానంతట అదే ఇంటికి పొమ్మంది. అది వానలో మలుపు తిరిగి వెళ్ళిపోయింది.

"అదేటమ్మా, తడిసిపోతారు!"

"మీ చెల్లెల్ని నేనూ చూస్తాను. రొయ్యలు పెట్టింది కదా."

బస్సు వచ్చింది. లోపల డ్రైవరు, కండక్టరు తప్ప ఎవరూ లేరు. వరుసలు వరుసలుగా సీట్లు, తడి కిటికీలు. కండక్టరు వాళ్ళకు టికెట్లు ఇస్తూ, అడగకుండానే చెప్పాడు.

"ఈ నెలాఖరుదాకే అండీ. తర్వాత ఈ రూట్లో బస్సుండదు."

"అదేటి బాబూ?" అన్నాడు పైడిరాజు.

"సీట్లు ఖాళీగా తిరుగుతున్నాయని లెక్క తేలిందంట. ఏదో మిషనంట. దానికి తిరుగులేదంటున్నారు."

పైడిరాజు ఆమె వైపు చూడలేదు. వెళ్ళి కిటికీ పక్కన కూర్చుని, పొట్లం బయటికి తీసి, కాగితం తడిసిందేమోనని వేళ్ళతో తడిమి చూసుకున్నాడు. హైమవతి నడిమధ్యలో కమ్మీ పట్టుకుని నిలబడింది. బస్సు కదిలింది. ఎక్కడ కావాలంటే అక్కడ కూర్చోవచ్చు.

ఆమె వెళ్ళి అతని పక్క సీట్లో కూర్చుంది.