నిమిషం ఆగని బల్బు

నరసన్న భార్య గురమ్మను చంపింది శ్రీవిద్య. అందులో రెండో మాట లేదు. కడప ఆపరేషన్ రోజున అతని వాకీటాకీకి పాత లిథియం బ్యాటరీ తగిలించింది ఆమే. టార్చి బల్బు ఆనించి, వెలగ్గానే తీసేసి, "ఫుల్లు" అంది. నిమిషం ఆగివుంటే బల్బు గుడ్డిదై, బ్యాటరీ వట్టిదని తెలిసిపోయేది. శత్రువులు తన ఇంటిమీదికి పోతున్నారని నరసన్న హెచ్చరించబోతే, సగం మాటలోనే సెట్టు మూగబోయింది. మనుషులు చేరేసరికి గురమ్మ లేదు.

"ఆ శ్రీవిద్యతోనే నీకు పని," అన్నాడు కర్నూలు నిఘా ఆఫీసులో చీఫ్ వేణుగోపాల్. "విక్టర్ ముఠాలో చేరి మనకు సమాచారం పంపుతాండాది."

"మనకా, వాళ్లకా సార్?"

"అది నువ్వే తేల్చుకో. డోన్ దగ్గర పట్టాల కింద విక్టర్ బాంబు పెట్టినాడు. యాడో తెలీదు. వాడి రిమోట్ బ్యాటరీలు మనవాళ్లు పట్టుకున్నారు. ఇప్పుడు బజారులో పాతవి ఎతుకుతాండాడు. నువ్వే అమ్ము. రిమోట్ రేంజ్ తక్కువ, పట్టాలు కనపడే చోటికి వాడు పోవాల్సిందే. ఎంబడే నువ్వు పో. రైలుకేమీ కాకూడదు."

అది 2008 మే నెల. డోన్ బస్టాండు పక్కన సెల్‌ఫోన్ రిపేరు బండి. గళ్ల లుంగీతో, చెవి సందున బీడీతో నరసన్న. ముందు ట్రేలో పాత ల్యాప్‌టాప్‌ల నుంచి ఊడదీసిన బ్యాటరీ సెల్స్. అన్నీ అతను ఏరి పెట్టినవే. పైకి నిండుగా కనపడతాయి, పని చెప్తే చస్తాయి.

నల్ల కళ్లద్దాలు, ఎర్ర జార్జెట్ చీర. శ్రీవిద్య కారు దిగింది. వెనకే విక్టర్.

"ఆలూరు బస్సు పోయిందా అప్పా?" అంది శ్రీవిద్య. కోడ్ వర్డ్.

"పంక్చరై నిలబడుండాది మేడమ్."

విక్టర్ ఒక సెల్‌కి మీటర్ పెట్టాడు. నాలుగు వోల్టులు. తృప్తి కలగలేదు. "బల్బు పెట్టి చూడు," అన్నాడు శ్రీవిద్యతో.

నరసన్న చెయ్యి ట్రే కింది పిస్టల్ మీదికి పోయింది. నిమిషం ఆగిందంటే బల్బు ఆరుతుంది. విక్టర్ మంచి సెల్ ఇంకోచోట కొంటాడు. రైలు పోయినట్టే.

బల్బు ధగధగ వెలిగింది. శ్రీవిద్య వెంటనే తీసేసింది.

"ఫుల్లు."

అదే మాట. అదే తొందర. తెలిసి తీసిందా, అలవాటు కొద్దీ తీసిందా?

"గ్యారంటీ ఉందా?" అన్నాడు విక్టర్.

"మనుషులకే లేదప్పా."

కారు వెనకే నరసన్న మోపెడ్ మీద పోయాడు. ఊరవతల బండరాళ్ల మధ్య కారు ఆగింది. కింద కల్వర్టు. మలుపులో ప్యాసింజర్ రైలు కూత పెట్టింది. ఇంజను కల్వర్టు ఎక్కుతుండగా విక్టర్ రిమోట్ నొక్కాడు. ఎర్ర లైటు వెలిగింది. బండ చాటున నరసన్న పిస్టల్ బయటికి తీశాడు. లైటు సన్నబడింది. ఆరిపోయింది.

విక్టర్ మళ్లీ నొక్కాడు. రైలు దాటిపోతోంది. తలుపు దగ్గర కూర్చున్న ఆడమనిషి ఒకామె వేరుశనక్కాయలు వొలుచుకుంటోంది.

విక్టర్ మెల్లగా శ్రీవిద్య వైపు తిరిగి పిస్టల్ ఎత్తాడు. నరసన్న పిస్టల్ ముందు పలికింది. విక్టర్ కూలిపోయాడు.

శ్రీవిద్య కళ్లద్దాలు తీసింది. "ఈసారి తెలిసే తీసినా నరసన్నా. కడపలో తొందరపడినా. తప్పు నాదే. ఇప్పుడైనా మన్నించు."

నరసన్న రిమోట్‌లోంచి సెల్ ఊడదీసి జేబులోని బల్బు ఆనించాడు. వెలగలేదు. అయినా నిమిషం నిండేదాకా పట్టుకునే నిలబడ్డాడు.

"నువ్వు మన మనిషివే, బల్బు పట్టుకునే ఓపికే ఇంకా రాలేదని రిపోర్టులో రాస్తా మేడమ్," అన్నాడు. "కడప సంగతి మాత్రం ఇంకెప్పుడూ నాతో ఎత్తొద్దు. నేనూ ఎత్తను."

ఎత్తలేదు కూడా.