మూడు కుర్చీల సాక్ష్యం

పొద్దున్న కాఫీ గ్లాసులు ఇంకా చల్లారనే లేదు, ఇంట్లో రభస మొదలైంది. అంతటికీ కారణం ఒక్క కాగితం. నగర బాస్కెట్‌బాల్ జట్టుకు కూతురు ఎంపికైంది. పద్దెనిమిది నిండలేదు గనక తల్లిదండ్రులిద్దరి సంతకాలూ కావాలి. తల్లి నిన్ననే పెట్టేసింది. తండ్రి సంతకం సాయంత్రంలోగా పడకపోతే ఆ చోటు ఇంకో పిల్లకు పోతుంది.

"పెట్టనని చెప్పాను కదా," అన్నాడు తండ్రి, సోఫా చట్రానికి మేకు దిగగొడుతూ. ఇంటి ముందుగదే ఆయన కొట్టు. సోఫాలకూ కుర్చీలకూ స్పాంజి మార్చి కొత్త రెక్సిన్ వేస్తాడు.

"ఎందుకో చెప్పండి నాన్నా."

"బంతి వెనక పరిగెత్తి బాగుపడినవాళ్లు లేరు. చదువుకో."

"మీరు పరిగెత్తలేదేంటి?" అంది తల్లి, కుట్టుమిషన్ ఆపకుండానే. "పరిగెత్తబట్టే కదా నా కంట్లో పడ్డారు! అప్పుడీ పొట్ట ఎక్కడ దాచారో గానీ."

ఆయన నవ్వలేదు. ఇరవై ఏళ్ల క్రితం ఆయన పెద్ద జట్టులో గార్డు. బంతిని నడిపించుకెళ్లి ఎవరికి అందించాలో తేల్చడం ఆయన పని. జట్టులో అందరికంటే పొట్టివాడు కావడంతో జనం ‘పిట్ట’ అని ముద్దుగా పిలిచేవారు. చివరి ఫైనల్లో, ఇంకా నాలుగు సెకన్లుందనగా, తాను వేయకుండా బంతిని సెంటర్‌గా ఆడే పొడుగు కుర్రాడికి అందించాడు. అది అతని చేతుల్లోంచి జారిపోయింది, దాంతో కప్పూ పోయింది.

ఆ ఏడాదే ఆట మానేశాడు. ఇప్పటికీ స్టేడియం వీధిలోంచి వెళ్లడు, సందులన్నీ చుట్టి పోతాడు. నిజానికి ఆయన్ని పల్లెత్తు మాట అన్నవాళ్లు లేరు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునే మనిషి మరి!

"మీరు ఓడిపోయారని నేను అసలు ఆడకూడదు. అంతేగా?" అనేసింది కూతురు.

సుత్తి ఆగిపోయింది.

"అవునే, అంతే! కప్పు పోగొట్టినవాడి కూతురని జనం వేలెత్తి చూపిస్తారు. ఆ మాట నేను పడ్డది చాలు," అన్నాడు.

కూతురు ఏడుస్తూ వెళ్లి మేడమెట్ల మీద కూలబడింది. అప్పుడే గుమ్మం ముందు ట్రాలీ ఆటో ఆగింది. ముగ్గురు పెద్దవాళ్లు దిగి, ఒకే ఇనపకడ్డీకి బిగించిన మూడు కుర్చీలను ఆయాసపడుతూ లోపలికి మోసుకొచ్చారు. రిటైరైన బస్సు డ్రైవరు, లెక్కల మాస్టారు, ఒకప్పటి నర్సు.

"పాత స్టేడియం పడగొడుతున్నారు బాబూ," అన్నాడు డ్రైవరు. "పాతికేళ్లు కూర్చున్న కుర్చీలు, వదల్లేక కొనుక్కున్నాం. కొంచెం మెత్తగా చేసిపెట్టు. మా ఎముకలు ఇదివరకట్లా లేవు."

తండ్రి గబగబా స్పాంజి దుమ్ముకు కట్టుకునే గుడ్డను ముక్కు మీదికి లాక్కున్నాడు. వాళ్లు ఆయన వంక చూడనైనా లేదు. కబుర్లలో పడిపోయారు.

"పిట్ట ఆడిన రోజుల్లో ఈ కుర్చీల్లో కూర్చున్నదెక్కడ? నిలబడే చూశాం," అన్నాడు డ్రైవరు. "పిట్ట కొంచెం, కూత ఘనం! ఫ్రీ త్రో వేసే ముందు బంతిని రెండుసార్లు చరిచి, చేతులు నడుముకు తుడుచుకునేవాడు. నేనూ బస్సు తీసే ముందు స్టీరింగును అలాగే చరిచేవాణ్ణి."

"చివరి బంతి తనే వేసుంటే..." అని నిట్టూర్చాడు మాస్టారు.

మెట్ల మీద కూతురు తల ఎత్తింది.

"నీ మొహం!" అన్నాడు డ్రైవరు. "ఇద్దరు మీద పడిపోయారు. సెంటర్ ఒంటరిగా ఉన్నాడు. ఎవరికి ఇవ్వాలో వాడికే ఇచ్చాడు. పట్టుకోలేకపోతే పిట్ట తప్పా?"

"మీరు స్కోరుబోర్డు చూస్తున్నారు," అంది నర్సు. "నేను పిట్టనే చూస్తున్నాను. ఓడిపోయాక సెంటర్ నేల మీద కూలబడితే, అందరికంటే ముందు వెళ్లి లేవదీసింది అతనే. భుజం చుట్టూ చెయ్యి వేసి బయటిదాకా నడిపించాడు. మా వార్డులో కొత్తగా చేరిన ప్రతి పిల్లకూ ఆ సంగతి చెప్పేదాన్ని. పక్కవాళ్ల చెయ్యి జారితే తిట్టకండి, ముందు దగ్గరికి వెళ్లండి అని."

ఆ సంగతి ఆయనకు గుర్తే లేదు. ఇరవై ఏళ్లుగా జారిన బంతినే తలుచుకున్నాడు తప్ప, తను చాచిన చేతిని ఒక్కసారీ తలుచుకోలేదు. కళ్లు మసకబారుతుంటే కనబడకుండా కుర్చీ మీదికి వంగాడు. పని మొదలుపెట్టే ముందు అలవాటుగా సీటును రెండుసార్లు చరిచి, చేతులు నడుముకు తుడుచుకున్నాడు.

నర్సు ఆ చేతుల వంకే చూసింది. ఆయన కళ్లలోకి చూసి, పెదవి బిగించి, చిన్నగా తల ఊపింది. మిగతా ఇద్దరినీ బయల్దేరదీసి, గుమ్మం దగ్గర వెనక్కి తిరిగింది.

"తొందరేం లేదు బాబూ, నింపాదిగా చెయ్యి. నీ మీద మాకెప్పుడూ కోపం లేదు."

ఆటో వెళ్లిపోయింది. తండ్రి ముక్కుకున్న గుడ్డ విప్పి, దాంతోనే కళ్లు తుడుచుకున్నాడు. కుట్టుమిషన్ చప్పుడు ఎప్పుడో ఆగిపోయింది.

"ఇలా రా అమ్మా," అని పిలిచాడు. కూతురు వచ్చి నిలబడింది.

"ఇద్దరు మీద పడ్డారనుకో. ఏం చేస్తావ్?"

"ఖాళీగా ఉన్నవాళ్లకి అందిస్తాను."

"ఆ పిల్ల జారవిడిస్తే?"

కూతురు ఆయన చేయి పట్టుకుంది. "ముందు దాని దగ్గరికి వెళ్తాను నాన్నా."

"ఆ కాగితం ఇటివ్వు," అన్నాడు తండ్రి.