ఉండమంటారాండీ

సఖినేటిపల్లి దాటి సముద్రం వైపు తిరిగేసరికి గాలి మారిపోతుంది. అంతవరకూ కొబ్బరిమట్టల నీడ, కాలవగట్టు చల్లదనం. ఆ మలుపు దాటగానే ఉప్పు, ఎండుచేప, తడిసిన సరుగుడాకు అన్నీ కలిసిన వాసనొకటి ముక్కుకి తగులుతుంది. ఆటోలో కూర్చున్న సుస్మిత ఆ వాసన పీల్చి, ఒళ్ళో పిల్లతో, "అదిగో పింకీ, సముద్రం. స...ముద్రం. అను" అంది.

పింకీ అనలేదు. తల్లి నోటి వంక చూసి నవ్వింది.

మూడో ఏడు నడుస్తోంది పిల్లకి. చెవులు బాగానే వినపడతాయి. చెప్పింది అర్థమవుతుంది. నవ్వుతుంది, అలుగుతుంది, ఏడుస్తుంది. మాట మాత్రం లేదు. "అమ్మా" అని కూడా లేదు. అమలాపురంలో చూపించేరు, రాజమండ్రిలో చూపించేరు. కొందరికి ఆలస్యమవుతుందమ్మా, కంగారుపడకండి అన్నారు డాక్టర్లు. సుస్మిత రాజోలులో ఓ ప్రైవేటు స్కూల్లో టీచరు. క్లాసంతా ఒక్కసారి గోల చేస్తుంటే "నోళ్ళు ముయ్యండర్రా" అనబోయి ఆగిపోయేది. ఆ గోలలో ఒక్క మాట తన పిల్లకి వస్తే చాలుననిపించేది. భర్త ఇమ్మానుయేలు కువైట్ నుంచి రోజూ వీడియోలో కనపడి, "నాన్న... నాన్న అను తల్లీ" అని బతిమాలతాడు. పిల్ల ఫోను అద్దాన్ని ముద్దుపెట్టుకుంటుంది. అంతే.

అందుకే మేనత్త సువార్తమ్మ, "క్రిస్మస్ హడావుడి అయిపోయింది కదా, పిల్లని సముద్రానికి తీసుకెళ్దామే. ఆ గాలికీ ఆ హోరుకీ మాటొచ్చినా వస్తుంది" అంటే సుస్మిత వెంటనే బయల్దేరింది. సువార్తమ్మ మాట తను ఏనాడూ కాదనలేదు. తల్లి పోయిన దగ్గర్నుంచీ తనని పెంచింది ఆవిడే. జడలేసింది, బడికి పంపింది, మర్యాద నేర్పింది. పిలిస్తే పలకాలి, పెద్దవాళ్ళు ఏదడిగినా ముందు ఆయ్ అనాలి, ఆలోచన ఆ తరవాత అని అన్నం ముద్దలతో పాటు కలిపి పెట్టింది. కోనసీమలో ఎవరి నోటనైనా ముందొచ్చేది ఆ మాటే అనుకోండి. ఆయ్ అంటే అవునండీ. ఆయ్ అంటే అలాగేనండీ. ఆయ్ అంటే వింటున్నానండీ, చెప్పండి. అంత చిన్న మాటలో ఎంత ఒప్పుకోలుందో, అనేవాళ్ళకే తెలీదు.

గెస్ట్ హౌస్ సరుగుడు తోట వెనక ఇసకదిబ్బ మీదుంది. వరసగా గదులు, ముందు పొడుగాటి వరండా, చూరుకి ఇంకా విప్పని క్రిస్మస్ నక్షత్రం. వాచ్‌మేన్ ధర్మరాజు తాళాలు తెచ్చి, "చివరి గదేనాండీ? మొన్న ఫోనులో చెప్పేరు కదండీ" అన్నాడు.

"ఆయ్" అంది సువార్తమ్మ.

"చివరిదెందుకత్తా? మొదటిదాన్లో వెలుగు బాగుంది."

"ఆ తలుపు తీస్తే ఎదురుగా సముద్రమేనే. పోయినేడు స్త్రీల సమాజంతో వచ్చినప్పుడు అందులోనే ఉన్నాను."

గదిలోకెళ్ళగానే సంచీ అయినా దించకుండా సువార్తమ్మ నీళ్ళు పట్టడం మొదలుపెట్టింది. గ్లాసులు, బకెట్టు, మగ్గు, ఆఖరికి ఫ్లాస్కు మూత కూడా అంచులదాకా నింపింది. కొన్నాళ్ళుగా ఆవిడ ఇంట్లోనూ ఇదే వరస.

"ఏ గోదారి ఎండిపోతుందనత్తా, ఈ భయం?" అని సుస్మిత నవ్వింది.

"ఖాళీగా ఉండకూడదమ్మా ఏదీ" అంది సువార్తమ్మ. నవ్వలేదు.

ఆ రోజు ఎంత బాగా గడిచిందో. పడవెక్కి వశిష్ఠ గోదారి సముద్రంలో కలిసే చోటుకెళ్ళేరు. ఏటి నీరొక రంగు, సముద్రపు నీరొక రంగు, మధ్యలో ఎవరో చాకుతో కోసినట్టు గీత. లైట్‌హౌస్ ఎక్కి చూస్తే కింద కొబ్బరితోటలు గాలికి దువ్విన జుట్టులా పడుకున్నాయి. ఒడ్డున జాలర్లు వల లాగుతుంటే సుస్మిత కూడా తాడు పట్టుకుంది. "లాగండి టీచరమ్మగారూ, పులస పడితే మీకే" అని ఒకాయన అంటే, "ఈ నెల్లో పులసేంట్రా, టీచరుగారు కూడా నమ్మరు" అని ఇంకొకాయన ఎగతాళి చేశాడు. పింకీ ఎర్రపీతల వెంట పరుగెత్తింది, అవి బొరియల్లో దూరుతుంటే కడుపు పట్టుకుని నవ్వింది. మధ్యాహ్నం రొయ్యల వేపుడు. సువార్తమ్మ తను తినడం మానేసి, కారం కడిగి కడిగి ఒక్కొక్క రొయ్యా పిల్ల నోట్లో పెట్టింది. పిల్ల నోరు తెరిచినప్పుడల్లా లోపలికి తొంగిచూసింది. పళ్ళన్నీ వచ్చేయేమో చూస్తోందనుకుంది సుస్మిత.

సాయంత్రం కొబ్బరిబోండాలు తాగేరు.

పొద్దు వాలుతోంది. పిల్లకి ఒళ్ళు తుడిచి, స్వెట్టరేసి, సుస్మిత వరండాలోకి వచ్చేసరికి సువార్తమ్మ గోడ దగ్గర నిలబడి ఉంది. పొద్దున్న నింపిన గ్లాసులన్నీ బయటికి తెచ్చింది. ఒక్కొక్కటే ఇసకలో పారబోస్తోంది. పారబోసి, బోర్లించకుండా, నోళ్ళు పైకి పెట్టి గోడ మీద వరసగా పేరుస్తోంది. బకెట్టు అప్పటికే ఖాళీ.

సముద్రం నలుపెక్కింది. సరుగుడు చెట్లలో గాలి ఈల వేస్తోంది. ఎక్కణ్ణించో ఏటి ఒండ్రు వాసన... చాలా రోజులు నానిన బట్టల వాసన.

సువార్తమ్మ తాగేసిన బోండాం రెండు చేతుల్తో ఎత్తి, ఆ చిల్లు దగ్గర నోరు పెట్టి గుసగుసగా అంది.

"తెచ్చేనండీ. చెప్పినట్టే తెచ్చేను. ఇంక నన్నొదిలెయ్యండి."

బోండాం లోపల్నించి, ఎంతో నెమ్మదిగా, ఎంతో మర్యాదగా వచ్చింది జవాబు.

"మంచిదండీ."

చూరు మీద నక్షత్రం ఆరిపోయింది. వరండాలో దీపం ఆరిపోయింది. కరెంటు పోయింది.

సుస్మిత పిల్లని గుండెకి అదుముకుంది. "ఎవరితో మాటాడుతున్నావత్తా?"

సువార్తమ్మ ఉలిక్కిపడలేదు. బోండాం గోడ మీద పెట్టి, గోడవారనే చతికిలబడింది. "కేకలెయ్యకమ్మా. విను" అంది చిన్న గొంతుతో. "పోయినేడు ఇదే వరండా. ఇదే వేళ. వెనకనించి ఎవరో, ఏమండీ, మీతో రమ్మంటారాండీ అన్నారు. మా సమాజం వాళ్ళే ఎవరో అనుకుని ఆయ్ అన్నాను. తిరిగి చూస్తే ఎవరూ లేరే."

"తరవాత?"

"నాతో ఇంటికొచ్చేసింది. చెంబులోంచి మాటాడుద్ది. బిందెలోంచి మాటాడుద్ది. ఎక్కడుండమంటారండీ... ఎక్కడుండమంటారండీ... అదే మాట, రాత్రీ పగలూ. నీళ్ళతో నింపితే ఊరుకుంటుంది. ఇంట్లో ఎన్నని నింపనే, తల్లీ?"

"పాస్టరుగారికి చెప్పలేకపోయావా?"

"చెప్పేను. వచ్చి ప్రార్థన చేశారు. ఆమెన్ అన్నాక, ఆయన తాగి పెట్టిన కాఫీకప్పులోంచి వందనాలండీ అంది. ఆయన మళ్ళీ మా గుమ్మం తొక్కలేదు."

ఇంకొకప్పుడైతే సుస్మిత నవ్వి ఉండేది. "మరి మమ్మల్నెందుకు తెచ్చావు?" అంది. జవాబు అప్పటికే తెలుస్తోంది. అయినా అత్త నోట ఇంకేదైనా వస్తుందేమోనని అడిగింది.

సువార్తమ్మ పిల్ల వంక చూసింది. ప్రేమగానే చూసింది. అదే సుస్మితకి భరించరాకుండా ఉంది.

"దానికి మాటుంది, నోరు లేదు. దీనికి నోరుంది, మాట లేదు. ఖాళీగా ఉంది కదమ్మా. ఇద్దరికీ మేలవుద్దనుకున్నాను. పిల్లకి మాటొస్తుంది. నాకు నిద్రొస్తుంది. తల్లి ఒప్పుకుంటే చాలంట. నువ్వొక్కసారి ఆయ్ అను."

జడలేసిన చేతులవి. జ్వరమొస్తే రాత్రంతా నుదురు తడిపిన చేతులు. మధ్యాహ్నం రొయ్యలు కడిగి పెట్టినవీ అవే. బలికిచ్చే మేకని మేపినట్టు మేపింది. సుస్మితకి ఏడుపు రాలేదు. కాళ్ళ కింద ఇసకని అల లాక్కుపోతున్నట్టుగా మాత్రం ఉంది.

అప్పుడు గోడ మీద గ్లాసుల్లో మొదటిది పలికింది.

"ఏమండీ, సుస్మితగారండీ."

నాలిక దానంతటదే లేచింది. చిన్నప్పట్నుంచీ లేచినట్టే లేచింది. సుస్మిత పళ్ళతో దాన్ని కొరికి పట్టింది. నోట్లో నెత్తురు ఉప్పగా...

"ఇక్కడుండమంటారాండీ?"

రెండో గ్లాసులోంచి. ఇంకాస్త దగ్గరగా.

వద్దు అనాలి. గట్టిగా అనాలి. తీరా నోరు తెరిస్తే, "వద్దండీ" అని వచ్చింది. అంత భయంలోనూ అండీ తగిలించింది నోరు.

"పోన్లెండి. మళ్ళీ అడుగుతానండీ."

సుస్మిత చేత్తో గ్లాసులన్నీ తోసేసింది. అవి ఇసకలో పడ్డాయి, చప్పుడైనా కాలేదు. బకెట్టుని కాలితో తన్ని గదిలోకి పరుగెత్తింది. తలుపు గడియ పెట్టింది. ఫోను లైటు వేసింది. మగ్గు... బోర్లించింది. ఫ్లాస్కు మూత... బిగించింది.

బాత్రూం తూములోంచి వచ్చింది. "ఏమండీ..."

తువ్వాలు ఉండచుట్టి తూములో కుక్కింది. చెప్పుల్ని బోర్లించింది. హేండ్‌బేగు జిప్పు లాగేసింది. ఖాళీగా ఏముంది... ఇంకేముంది...

తలుపు అవతల సువార్తమ్మ. "అమ్మడూ. తియ్యవే."

పలకలేదు.

"సుసీ. పిలిస్తే పలకాలని నేర్పానా, లేదా?"

ఆ గొంతు కోపంగా లేదు. బతిమాలుతోంది. అన్నం తినమని బతిమాలిన గొంతే. సుస్మిత గొంతులో ఆ మాట ఉండకట్టింది, పైకి ఎగదన్నుతోంది. ఆగేలా లేదు. పిల్లని మంచం మీద దించి, రెండు అరచేతుల్తో తన నోరు గట్టిగా మూసుకుంది.

గది నిశ్శబ్దమైపోయింది. తన ఊపిరే తన అరచేతుల్లో వేడిగా తగులుతోంది. చేతులకీ పెదాలకీ మధ్య చిన్న డొల్ల...

ఆ డొల్లలోంచి, పెదాలకి ఆనుకుని, చల్లగా వచ్చింది మాట.

"ఇక్కడుండమంటారాండీ?"

చేతులు విదిల్చేసింది. అరవలేదు. పెదాలు ముడిచి, పళ్ళు బిగించి, ఊపిరి బిగబట్టి నిలబడింది. అననివ్వలేదు నోటిని. తను అనలేదు. ఎంతసేపో తెలీదు... అలలు ఎన్ని విరిగాయో తెలీదు... తను మాత్రం అనలేదు.

అప్పుడు మంచం మీద నుంచి, చిన్నగా, గంట కొట్టినంత స్పష్టంగా, ఈ లోకంలో ఇంతవరకూ ఎవరూ వినని గొంతొకటి,

"ఆయ్" అంది.

కరెంటు వచ్చింది.

పింకీ మంచం మధ్యలో కూర్చుని ఉంది. కళ్ళు తల్లి వైపే. పెదాలు తడిగా మెరుస్తున్నాయి. ఇంట్లో పొద్దస్తమానం విన్న మాట, పిల్లకి మొట్టమొదటగా వచ్చిన మాట.

తెల్లవారేదాకా సుస్మిత పిల్లని దించలేదు. వెలుగు రాగానే తలుపు తీసింది. వరండాలో కుర్చీలో సువార్తమ్మ నిద్రపోతోంది. నోరు కొంచెం తెరుచుకుని, సన్నగా గురకపెడుతూ, పసిపిల్లలా పడుకుంది. ముఖంలో ముడతలు కూడా సర్దుకున్నాయి. సుస్మిత కాసేపు చూసింది. లేపి రెండు మాటలు అడగాలనుకుంది. ఏమడిగినా ఆవిడ "నీ మంచికేనే" అంటుందని తెలుసు. ఆ మాట వింటే ఆ తరవాత బతకడం ఇంకా కష్టమని కూడా తెలుసు. లేపలేదు. చెప్పులు చేత్తో పట్టుకుని ఇసకలో నడిచి రోడ్డెక్కింది. దొరికిన ఆటో ఎక్కి రాజోలు వచ్చేసింది.

దారంతా పింకీ మాట్లాడలేదు. ఇంటికొచ్చి, తలుపేసి, ఊపిరి పీల్చుకునేసరికి ఫోను మోగింది. వీడియోలో ఇమ్మానుయేలు. కళ్ళనిండా నీళ్ళు.

"మాటొచ్చిందంట కదే. అత్తగారు ఇప్పుడే ఫోను చేశారు. ఏదీ, ఇలా చూపించు. పింకీ తల్లీ, నాన్న అను."

పింకీ ఫోను అద్దాన్ని ముద్దుపెట్టుకోలేదు. కాసేపు పరకాయించి చూసింది.

"బాగున్నారాండీ?" అంది.

ఇమ్మానుయేలు ఏడుస్తూ నవ్వాడు. గదిలో పడుకున్నవాళ్ళని లేపి మరీ చూపించాడు. "విన్నారా, నా కూతురు. ఎంత మర్యాదో చూడండి. అంతా మా అత్తగారి పెంపకం" అన్నాడు. సిగ్నలు సరిగా లేదని సుస్మిత ఫోను పెట్టేసింది.

ఇల్లంతా నిశ్శబ్దం. కాలవ అవతల ఎవరో బట్టలు ఉతుకుతున్నారు. పింకీ వచ్చి తల్లి ఒళ్ళో, ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చుంది. ఒళ్ళు వెచ్చగానే ఉంది. జుట్టులో కొబ్బరినూనె వాసన.

"ఏమండీ" అంది.

సుస్మిత పలకలేదు.

"లోపల పాపెవరో ఏడుస్తుందండీ."

సుస్మిత పిల్ల ముఖంలోకి చూసింది. ఆ ముఖం జాలిగా ఉంది, నిజంగానే జాలిపడుతున్నట్టుంది. మెల్లగా వంగి, చిన్న గుండె మీద చెవి ఆనించింది. గుండె కొట్టుకుంటోంది. దాని వెనక... చాలా లోతున... తలుపులన్నీ మూసేసిన ఇంట్లో చివరి గదిలోంచి వచ్చినట్టుగా...

"అమ్మా."

ఇన్నాళ్ళుగా ఎదురుచూసిన మాట. సుస్మిత తల తిప్పి పైకి చూసింది. పిల్ల పెదాలు మూసే ఉన్నాయి.

అవి నెమ్మదిగా విడివడ్డాయి.

"వినపడిందాండీ?"