మామగారి లెక్క ఐదు

"పన్నెండింటి లోపు ఈ ముసలాయన చేత సంతకం పెట్టించాలి. పెట్టకపోతే అరెస్ట్ చెయ్," అంటూ చీఫ్ ఒక ఫోటోని బల్ల మీద ముందుకు తోశాడు.

ఏజెంట్ సూది ఫోటో చూసింది. ఎందరో విదేశీ గూఢచారుల్ని కన్నార్పకుండా పట్టుకున్న మనిషికి ముచ్చెమటలు పట్టాయి. ఫోటోలో ఉన్నది సాక్షాత్తూ ఆమె మామగారు.

"తెలిసే నిన్ను పంపుతున్నాను," అన్నాడు చీఫ్. "రిటైర్డ్ స్పాటర్. ముప్పై ఏళ్ళు విమానాల్ని చూసి ఏది ఎవరిదో చెప్పడమే ఉద్యోగం. వారంగా మన యుద్ధవిమానాల వరస, ఫార్మేషన్, రోజూ పదకొండింటికి ఎగురుతోంది. రోజూ ఫోన్ చేసి ఐదు విమానాలున్నాయంటాడు. మనం పంపేది నాలుగు. టవర్ నాలుగంటోంది, రాడార్ నాలుగంటోంది. ఊళ్ళో విదేశీ ముఠా దిగింది. పుకార్లు పుట్టించడానికి ఈయన్ని వాడుకుంటోందని మన రాడార్ చూసే మేడమ్ అనుమానం. 'పొరబడ్డాను' అని రాయించుకురా."

"ఆయన రాయరు సార్."

"ఎందుకని?"

"మా పెళ్ళి ఫోటోలో ఎంతమంది ఉన్నారో తప్పు చెప్పానని నెల రోజులు నాతో మాట్లాడలేదు."

చీఫ్ నవ్వలేదు. "ముఠా ఏ తిక్కపని చేసినా ఫార్మేషన్ లీడర్‌తో నీకు డైరెక్ట్ లైన్ ఉంటుంది. కోడ్ వర్డ్ కందిరీగ. ఆ మాట అంటేనే నువ్వు చెప్పేది వింటాడు. జాగ్రత్త. రెక్కకి రెక్క ఆనించి ఎగిరేవాళ్ళు. ఒకడు తడబడితే నలుగురూ పోతారు."

సూది లిఫ్ట్ మెకానిక్ యూనిఫాం వేసుకుంది. ఇంట్లోవాళ్ళకి ఆమె ఉద్యోగం అదే మరి! నాలుగో అంతస్తు బాల్కనీలో మామగారు మోకాళ్ళకి బ్యాండేజీలు చుట్టుకుని కూర్చున్నారు. మెడలో బూటు లేసుతో కట్టిన బైనాక్యులర్స్, ఒళ్ళో రూళ్ళ నోటుబుక్కు.

"రా అమ్మాయ్. సంతకం కోసమేగా?"

"మీకెలా తెలుసు మామయ్యగారూ?"

"లిఫ్టులు బాగుచేసేవాళ్ళకి చంక దగ్గర చొక్కా అలా ఉబ్బదు. పదివేల అడుగుల ఎత్తున ఉన్నదాన్ని పోల్చుకునేవాణ్ణి, మూడేళ్ళుగా ఇంట్లో తిరిగే కోడల్ని పోల్చుకోలేనా? మావాడికి చెప్పలేదులే. వాడి నోట్లో నువ్వుగింజ నానదు."

సూదికి సిగ్గూ నవ్వూ కలిసి వచ్చాయి. ఇంతలో కాలింగ్ బెల్ మోగింది.

రాడార్ మేడమ్! ఆకుపచ్చ సిల్కు స్కార్ఫు, ఎత్తుమడమల చెప్పులు, చేతిలో ప్రింటవుట్లు. మనిషి కంటే ముందు సెంటు వాసన బాల్కనీ చేరింది. "చీఫ్ పంపారు. తాతగారికి నచ్చజెబుదామని," అంది తీయగా.

"తాతగారేమిటి? స్పాటర్ అనండి," అన్నారు మామగారు.

మేడమ్ కాగితాలు పరిచింది. "నాలుగే చుక్కలు. టవర్ సరిగ్గా విమానాల దారి కిందే ఉంది, వాళ్ళకీ నాలుగే. మీరేమో మైలున్నర పక్కన ఉన్నారు. మీ కళ్ళు..."

"పోయినవి కళ్ళు కాదమ్మా, మోకాళ్ళు. అవి బాగుంటే నేనూ ఆ టవరెక్కి, తలెత్తి చూసి, నాలుగనే రాసేవాణ్ణి. పళ్ళెం మీద పళ్ళెం పెట్టి కిందనుంచి చూడండి. ఎన్ని కనపడతాయి? ఒకటే! నాలుగోదాని పొట్టకింద అతుక్కుని ఐదోది వస్తోంది. రాడార్‌కి రెండూ కలిసి ఒకటే చుక్క. పక్కనుంచి చూసేవాడికే గుట్టు తెలుస్తుంది."

సూది నాలుక కరుచుకుంది. అంతమంది ఆఫీసర్లున్న టవర్‌కి ఇంత చిన్న సంగతి తట్టలేదు! తనకి మాత్రం తట్టిందా ఏమిటి?

మేడమ్ పెన్ను చాచింది. "సంతకం పెట్టండి. లేకపోతే జైలు."

"జైలుకి కిటికీ ఉంటుందా? ఉంటే అక్కణ్ణుంచీ ఐదే అంటాను."

దూరంగా ఆకాశం గర్జించింది. మామగారు బైనాక్యులర్స్ ఎత్తారు. "తోక మీద రెండేసి నిలువు రెక్కలు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. మనవే. నాలుగోదాని కింద... తోకకి ఒకటే రెక్క. పరాయిది! మన రంగు పూసుకొచ్చింది దొంగపీనుగ." ఆయన గొంతు మారింది. "అమ్మాయ్, నిన్నటిదాకా దాని పొట్ట నున్నగా ఉంది. ఇవాళ బాంబు వేలాడుతోంది!"

విమానాల దారిలో, నలభై సెకన్ల దూరంలో పెట్రోలు డిపో ఉంది. దాన్ని ఆనుకుని కార్మికుల క్వార్టర్లు.

సూది చెవి కమ్మ నొక్కింది. ట్రాన్స్‌మిటర్ అందులోనే ఉంది.

"ఆగు!" మేడమ్ చేతిలో లిప్‌స్టిక్. మూత తీస్తే లోపల రంగు లేదు, తుపాకీ గొట్టం ఉంది. దాన్ని మామగారి కణతకి ఆనించింది. "లైన్ తెరిచే ఉంది. లీడర్ వినేలా చెప్పండి తాతగారూ. ఎన్ని?"

మామగారు బైనాక్యులర్స్ దించలేదు. తల కూడా తిప్పలేదు.

"ఐదు. కాల్చుకో. నేను పోతే ఇంట్లో ఒక ముసలాడు తగ్గుతాడు. ఆకాశంలో విమానం తగ్గదు."

ఆ ధిక్కారానికి మేడమ్ ఒక్క క్షణం బిత్తరపోయింది. సూదికి ఆ క్షణం చాలు. బూటు కాలు లేచింది. లిప్‌స్టిక్ గాల్లో పేలి పైకప్పు సున్నం రాలింది. మరుక్షణం మేడమ్ నేలమీద బోర్లా పడి ఉంది. చేతులకి సొంత స్కార్ఫే సంకెళ్ళు.

"కందిరీగ! లీడర్, మీ నాలుగోవాడి కింద శత్రువున్నాడు. నాలుగోవాణ్ణి పైకి లేవమనండి. మిగతావాళ్ళు తలో దిక్కుకీ చెదరండి!"

"రాడార్ నాలుగే అంటోంది. ఎవరు చూశారు?" కమ్మలోంచి లీడర్ గొంతు.

పొరబడితే నాలుగు ప్రాణాలు. సూది మామగారి వంక చూసింది. ఆ చేతుల్లో బైనాక్యులర్స్ ఇసుమంత కూడా వణకడం లేదు.

"చూడ్డం తెలిసినవాడు చూశాడు. చెదరండి!"

నాలుగు విమానాలూ ఒక్కసారిగా విడిపోయాయి. ఆ రేడియో మాట వినపడని ఐదోది మాత్రం తిన్నగా ముందుకే పోయింది. పట్టపగలు, దుప్పటి లాగేసిన దొంగలా, నడి ఆకాశంలో ఒంటరిగా మిగిలింది. లీడర్ గిర్రున తిరిగి దాని ముక్కు ముందు తుపాకీ గుండ్ల వరస పరిచాడు. డిపో కంచె ఇంకొక్క సెకను దూరంలో ఉందనగా అది పక్కకి తిరిగింది. రెక్కలూపి లొంగిపోయింది.

మేడమ్ పళ్ళు నూరింది. "టవర్నీ రాడార్నీ వారంపాటు బోల్తా కొట్టించాం. చివరికి ఒక మోకాళ్ళ నొప్పుల మనిషి..."

సూది కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మామయ్యగారూ, పొద్దున నేను కూడా మిమ్మల్ని నమ్మలేదు."

"నమ్మాల్సిన టైముకి నమ్మావుగా. చాల్లే," అన్నారాయన. ఇప్పుడు మాత్రం ఆయన చేతులు వణుకుతున్నాయి. సూది వాటిని గట్టిగా పట్టుకుంది.

సాయంత్రం టవర్ కమాండర్ టోపీ చేత్తో పట్టుకుని వచ్చాడు. "క్షమించండి సార్. రేపట్నుంచి మీరు మా టవర్‌కి రావాలి. మావాళ్ళకి చూడ్డం నేర్పాలి. మిమ్మల్ని కుర్చీతో సహా పైకి మోసుకెళ్తాం."

మామగారు కళ్ళజోడు తుడుచుకుని, తాపీగా పెట్టుకున్నారు.

"నేను రాను," అన్నారు. "మీ టవర్నే కాస్త పక్కకి జరపండి."