ఎడమ చెవిలో వాన, కుడి చెవిలో అతను

చవకరకం హెడ్‌ఫోన్ల అసలు బండారం పాట పెట్టినప్పుడు కాదు, పాట ఆపినప్పుడు బయటపడుతుందని చెవులపిల్లి నమ్మకం.

చెవులపిల్లి అంటే మన కథానాయికే. ఆమె వీడియోలు చూసేవాళ్లు ముద్దుగా పెట్టిన పేరది. తక్కువ ధర హెడ్‌ఫోన్లు తెప్పించుకోవడం, ఒకదాని పక్కన ఒకటి పెట్టి వాటి గుట్టు రట్టు చేయడం ఆమె పని. అందులో ఆమెకో వింత పద్ధతి ఉంది. రెండు జతలు ఒకేసారి తగిలించుకుంటుంది. ఎడమ చెవికి ఒక బ్రాండు, కుడి చెవికి ఇంకో బ్రాండు. అవి రెండూ నెత్తిమీద కొట్లాడుకుంటున్నట్టు అడ్డదిడ్డంగా కూర్చుంటాయి.

"చూడలేక చస్తున్నానే తల్లీ," అంటుంది అమ్మమ్మ. "ఎవరైనా నిన్ను చూసుకోవడానికి వస్తే ఆ అవతారంలో మాత్రం ఎదురుపడకు."

ఆ మధ్యాహ్నం బల్లమీద మూడు జతలున్నాయి. నలుపు, బూడిద, నీలం. మూడూ మూడు కంపెనీలవి. ధరలో పెద్ద తేడా లేదు, రూపంలో అసలే లేదు. నలుపూ బూడిదా విని "కవలపిల్లలే" అని తేల్చేసింది. ఇక నీలం వంతు. దాన్ని కుడి చెవికి పెట్టుకుని, ఆన్ చేసి, పాట పెట్టకుండా కళ్లు మూసుకుంది.

ముందు సన్నటి కూనిరాగం. మాటల్లేవు. ఎవరో పని చేసుకుంటూ తమలో తాము పాడుకుంటున్నట్టుంది. చెవులపిల్లి కళ్లు తెరిచి ఫోన్ చూసింది. నీలం ఫోనుకి కనెక్టే కాలేదు.

రాగం ఆగింది. తర్వాత ఒక మగగొంతు, చెవి పక్కనే నిలబడి అన్నంత దగ్గరగా పలికింది.

"ఎడమ... కుడి... వినిపిస్తోందా?"

ఆమె పారిపోదామనుకుంది. నోరు మాత్రం ఎప్పటిలాగే ఆమె మాట వినలేదు.

"వినిపిస్తోంది," అనేసింది.

అవతల ఏదో దభీమని పడింది. "ఎ... ఎవరది?" అంది గొంతు.

చెవులపిల్లి హెడ్‌ఫోన్ తీసి మంచం మీదికి విసిరేసి, ఒక్క పరుగున వంటగదిలో అమ్మమ్మ వెనక తేలింది. విషయం విని అమ్మమ్మ నవ్వలేదు. అదే పెద్ద చిక్కు. వంటగది పక్క నడవలోకి ఓరగా చూసింది. నడవ చివర ఒక తలుపు. దానికి తుప్పుపట్టిన తాళం.

"మనం ఈ ఇంట్లో చేరిన రోజు ఇల్లుగలాయన ఏమన్నాడో గుర్తుందా? 'అవతల గది ఏళ్ల తరబడి మూసే ఉందండీ, ఇప్పుడెవరూ లేరు' అన్నాడు. ఆ 'ఇప్పుడు' అన్నమాట నాకు అప్పుడే నచ్చలేదే."

భయమే ఉన్నవాళ్లయితే నీలాన్ని మళ్లీ ముట్టుకోరు. భయంతో పాటు కుతూహలం కూడా ఉన్నవాళ్లు దేవుణ్ణి తలుచుకుని మరీ ముట్టుకుంటారు. మర్నాడు మధ్యాహ్నం చెవులపిల్లి అదే చేసింది. ఈసారి ఫోన్ పూర్తిగా ఆపేసి చూసింది.

"ఉన్నారా?" అంది.

 అవతలి నుంచి మెల్లగా, "ఉన్నానండీ. నిన్న చెప్పాపెట్టకుండా వెళ్లిపోయారేం?"

"మీరు ఏదో పడేశారుగా."

"స్క్రూడ్రైవరండీ. కాలిమీద పడింది."

"మీకు... నొప్పి తెలుస్తుందా?"

"అదేం ప్రశ్నండీ! సరే, నేనొకటి అడగనా? మీకు ఎండ తెలుస్తుందా?"

ఇద్దరూ ఒక్కసారే నోరు మూసుకున్నారు. ఆ మౌనంలో ఎక్కడో అడుగున, ఆ కూనిరాగం కాస్త వినిపించి ఆగిపోయింది. పాడుకునే అలవాటున్నవాడు కాబోలు అనుకుంది చెవులపిల్లి. పాడే దెయ్యమైతే పీక నొక్కే దెయ్యం కంటే నయమేగా!

అలా మొదలైంది. రోజూ భోజనాలయ్యాక, అమ్మమ్మ నడుం వాల్చే వేళకు, ఆమె నీలం తగిలించుకునేది. ఏ రోజూ గొంతు ముఖం చాటేయలేదు. ఆమె మూడు జతలనూ పోలుస్తూ పైకి మాట్లాడుకుంటుంటే వినేది.

"నలుపులో డప్పు మోత ఎక్కువ. పెళ్లిలో మైకు దొరికిన బాబాయిలా, ఎవర్నీ మాట్లాడనివ్వదు," అందొకరోజు.

అవతల పకపకా నవ్వు. "మరి బూడిద?"

"అదీ ఆ బాబాయే. కాస్త జ్వరం తగిలినట్టుంది, అంతే."

"నీలం?"

చెవులపిల్లి తడబడింది. "నీలంలో... మనుషుల గొంతు బాగుంటుంది."

అవతల గొంతు సవరించుకున్నారు. ఆ తర్వాత రెండు తుమ్ములు. చచ్చినవాళ్లకి జలుబేంటో అర్థంకాక ఆమె ఆ పూటంతా ఆలోచించింది.

అడగొచ్చుగా, మీరెవరు, ఎక్కడుంటారు అని? అడగొచ్చు. అడిగితే "నేను లేనండీ" అంటాడేమోనని భయం. ఆమె చెప్పేది వేలమంది వింటారు. తిరిగి మాట్లాడింది మాత్రం ఇతనొక్కడే. ఇతని కోసం ఆమె మధ్యాహ్నాలు తల దువ్వుకుంటోంది. గొంతుకి జడ కనిపిస్తుందా అంటే ఏం చెబుతాం, మనసు పడినవాళ్లకి బుద్ధి ఉంటే ప్రేమకథలెందుకు!

శనివారం రానే వచ్చింది. పోలిక అయిపోయాక మూడు జతలూ కొరియర్‌లో వెనక్కి పంపాలని కంపెనీల షరతు. అమ్మమ్మ నలుపునీ బూడిదనీ డబ్బాల్లో సర్దేసింది. బయట మబ్బులు కమ్మి, పట్టపగలే ఇంట్లో చీకటి పడింది. 

"ఆ నీలం కూడా ఇటియ్యవే. కొరియర్ అతను వచ్చే వేళైంది. పీడా పోతుంది."

"ఒక్క నిమిషం అమ్మమ్మా."

నీలం వెళ్తే గొంతూ వెళ్తుంది. ఆమెకు ఏడుపొచ్చింది. కుడి చెవికి పెట్టుకుని, పక్కన పెట్టడానికి వేరే జత లేక ఎడమ చెవి ఖాళీగా వదిలేసి, నడవలో తాళం వేసిన తలుపు దాకా నడిచింది. ఆ మసక చీకట్లో నిలబడి, ఇన్నాళ్లూ గొంతులో అడ్డంపడ్డ ప్రశ్న అడిగేసింది.

"ఏమండీ, మీరు బతికే ఉన్నారా?"



"నేనూ రోజూ అదే అడుగుదామని..." అన్నాడతను. "మీరు లేనని చెబితే తట్టుకోలేననిపించి ఊరుకున్నాను."

అప్పుడే వాన దిగింది. కుడి చెవిలో రేకుల మీద టపటపా. ఎడమ చెవిలోనూ రేకుల మీద టపటపా. ఒకే వాన, ఒకే రేకు. కాకపోతే కుడి చెవిది వెంట్రుకవాసి వెనకబడుతోంది. ఇన్నేళ్లు చెవికో బ్రాండు పెట్టుకుని తిట్లు తిన్నది ఎందుకో ఆమెకు ఇప్పుడు తెలిసింది. అతను వింటున్న వాన ఈ తలుపు అవతలే పడుతోంది.

చెవులపిల్లి గుండె చిక్కబట్టుకుని, తుప్పు తాళం పక్కన వేలితో తలుపు తట్టింది. ఎడమ చెవిలో టక్. వెంటనే కుడి చెవిలో టక్.

ఆ వెంటనే రెండు చెవుల్లోనూ ఒక మగమనిషి పెట్టిన కెవ్వుకేక.

"దెయ్యాలు అలా అరవవు," అంది ఆమె, నవ్వూ ఏడుపూ కలిసిపోయి. గొడుగు తీసుకుని, అమ్మమ్మ పిలుస్తున్నా ఆగకుండా, సందు చుట్టూ తిరిగి ఇంటి వెనకవీధికి పరిగెత్తింది.

వెనకవీధిలో సగం ఎత్తిన షట్టరు. లోపల చిన్న రిపేరు షాపు. అత్తెసరు గడ్డంతో, ఎర్రబడ్డ ముక్కుతో, చేతిలో స్క్రూడ్రైవర్ కత్తిలా పట్టుకుని ఒక మెకానిక్ నిలబడి ఉన్నాడు. ఆమె నెత్తిమీద వేలాడుతున్న నీలాన్ని చూశాడు. తర్వాత ఆమె కాళ్లు చూశాడు. నేలకు ఆని ఉన్నాయో లేదోనని.

"ఆనే ఉన్నాయి," అంది చెవులపిల్లి.

అతను అక్కడే ఉన్న స్టూలు మీద కూలబడ్డాడు. "ఈ షాపు తెరిచి నెలే అయిందండీ. అవతలి ఇల్లు ఖాళీ అని చెప్పాడు మా ఇల్లుగలాయన."

"నెల కిందట ఖాళీయే. తర్వాత మేమొచ్చాం. మా ఇల్లుగలాయనకి మీ షాపు సంగతి తెలీదు కాబోలు, ఈ గది మూసే ఉందన్నాడు. మరి ఈ నీలం?"

అతను దాన్ని తిప్పి చూసి నుదురు కొట్టుకున్నాడు. "ఇది నేను బాగుచేసిన పీసే! కొత్తదని చెప్పి మీకు అంటగట్టారన్నమాట. నా టెస్టింగ్ మిషన్‌ని మర్చిపోలేదిది. దగ్గరికి రాగానే పుట్టింటికొచ్చినట్టు దానికే కలిసిపోతోంది. మిషన్‌కి కలిసినవాళ్ల మాటలు ఒకరివి ఒకరికి వినపడతాయి." కాస్త ఆగి నవ్వాడు. "ఇంకోటి చెప్పనా? మీ మూడు బ్రాండ్లూ ఒకే ఫ్యాక్టరీవి. విప్పితే లోపల ఒకటే సరుకు."

"నా వీడియో మొత్తం గంగలో కలిపారు కదండీ!"

షాపు లోపల, పాత తలుపుకి అడ్డంగా పెట్టిన బీరువా వెనక నుంచి అమ్మమ్మ గొంతు వినిపించింది. తాళం వేసిన తలుపుకి నోరు ఆనించి అరుస్తోంది. "ఏమే! మనిషేనా?"

"మనిషే అమ్మమ్మా!"

"అయితే ఇంటికి తీసుకురా. ముఖం చూడొద్దూ?"

మెకానిక్ చెవులు ఎర్రబడ్డాయి. నీలం స్విచ్ ఆపి బల్లమీద పెట్టాడు. దాని లైటు ఆరిపోయింది. "కూనిరాగం బాగా తీస్తారండీ మీరు," అన్నాడు తల దించుకుని. "మొదట్లో దానికే పడిపోయాను."

"నేనా? తీసేది మీరు కదా!"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. వానకి కరెంటు ఇందాకే పోయింది. మిషన్ పడుకుని ఉంది. ఆ మసక గదిలో, వాన చప్పుడు అడుగున, మాటల్లేని ఆ సన్నటి రాగం మొదలైంది.

"అమ్మమ్మా," అంది చెవులపిల్లి, బీరువా వైపు తిరిగి. "పాడేది నువ్వేనా?"

"నాకు పాటెక్కడొచ్చే? రోజూ మధ్యాహ్నం వింటున్నా. నువ్వే అనుకున్నా."

చెవులపిల్లి చటుక్కున అతని చెయ్యి పట్టుకుంది. వెచ్చగా ఉంది. 

"మీరు బతికుంటే ఒకటి చెబుదామనుకున్నాను," అన్నాడతను గుసగుసగా.

"బతికే ఉన్నానుగా. త్వరగా చెప్పండి."

"మీరంటే నాకు చాలా ఇష్టం."

కూనిరాగం ఆగిపోయింది. ఎవరో చెయ్యి పని ఆపి, చెవి ఒగ్గి వింటున్నట్టు గదంతా నిశ్శబ్దమైంది.

"నాకూ మీరంటే ఇష్టమే," అంది చెవులపిల్లి, అతనికీ, ఇంకెవరైనా ఉంటే వాళ్లకీ వినపడేలా.

రాగం మళ్లీ అందుకుంది, ఈసారి ఇంకాస్త హుషారుగా. వాళ్లిద్దరూ గొడుగు అక్కడే మర్చిపోయి, పట్టిన చెయ్యి వదలకుండా, వానలోకి పరుగు తీశారు.