డెబ్బై రెండు మాత్రలు

"నేను అడవిలో క్యాంపుకి వెళ్లేది నలభై రెండు రోజులకి. మీరిస్తానంటున్నవి డెబ్బై రెండు మాత్రలు. నాకు లెక్కలు రావనుకున్నారా?"

మందుల షాపు కౌంటరు ముందు నిలబడ్డ పొడుగాటి మనిషి ఈ మాట మర్యాదగానే అడిగాడు. అయినా కౌంటరు వెనకున్న ఫార్మసిస్టు అమ్మాయికి ఒళ్లు మండింది.

"నేను సర్వేయర్ని. కొలవడమే నా పని," అని ఆయన పైపెచ్చు వివరించాడు.

"అయితే కూడిక కూడా వచ్చుండాలి. బయల్దేరే ముందు రోజుకొకటి చొప్పున రెండు. అక్కడున్నన్నాళ్లూ నలభై రెండు. తిరిగొచ్చాక ఇరవై ఎనిమిది."

ఆయన మనసులో కూడుకున్నాడు. లెక్క సరిపోయింది. అదే ఆయనకు నచ్చలేదు.

"వచ్చేశాక కూడా ఎందుకండీ? దోమలు నాతో పాటు బస్సెక్కుతాయా?"

"దోమ ఎక్కదు. కుట్టినప్పుడు అది ఒంట్లోకి వదిలిన మలేరియా క్రిమి ఎక్కుతుంది. లివర్లో దాక్కుని, మీరు ఇంటికొచ్చి కాళ్లు చాపుకున్నాక రక్తంలోకి దిగుతుంది. అప్పుడు ఒంట్లో మందుండాలి."

"డాక్సీసైక్లిన్ అంటే యాంటీబయాటిక్ కదా. జ్వరం రాకుండానే మందేమిటని..."

"ఇల్లంటుకున్నాక బావి తవ్వుతారా మీరు?"

మూల కుర్చీలో పేపరు వెనకనుంచి నవ్వు వినబడింది. ఆ పేపరు వెనకున్నది షాపు యజమాని, ఆ అమ్మాయి మేనమామ. పేపరు చదువుతున్నట్టు కనిపిస్తూ షాపులో ప్రతి మాటా వినడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య.

ఆమె ఏడు స్ట్రిప్పులు లెక్కపెట్టి, ఎనిమిదోదాన్నుంచి రెండు మాత్రలు కత్తెరతో కత్తిరించి కవర్లో వేసింది. "అన్నం తిన్నాక గ్లాసుడు నీళ్లతో వేసుకోవాలి. పాలతో వద్దు. వేసుకున్నాక అరగంట పడుకోకూడదు. ఎండలో టోపీ లేకుండా తిరిగితే ముఖం కమిలిపోతుంది. దోమతెర కూడా కట్టుకోవాలి, మాత్ర ఉంది కదా అని వదిలేయకండి."

"పెళ్లి సంబంధానికి కూడా ఇన్ని షరతులుండవండీ."

"దానికి ఎక్స్‌పైరీ డేట్ ఉండదుగా. జాగ్రత్త అక్కడే ఎక్కువ కావాలి," అంది ఆమె, నవ్వకుండా. కవరు మీద షాపు ఫోన్ నంబరుంది. ఏదైనా తేడా చేస్తే ఫోన్ చేయమంది.

ఆయన చేస్తాడని ఆమె అనుకోలేదు. ఏరు దాటాక తెప్ప తగలేయడంలో ఆరితేరినవాళ్లను ఆమె రోజూ చూస్తూనే ఉంది. రెండు నెలలు దగ్గుతో వచ్చి కుటుంబ కథలన్నీ చెప్పిన పెద్దావిడ, దగ్గు తగ్గిన మర్నాటినుంచి రోడ్డుకి అవతలి పక్కన నడిచేది. అందులో ఆవిడ తప్పేం లేదు. మందుల షాపుకి ఎవరైనా ఇష్టపడి వస్తారా? ఆరేళ్లుగా ఆ కౌంటరు వెనక నిలబడి, తననూ ఎవరూ ఇష్టపడి వెతుక్కుంటూ రారని ఆమె ఒక నిశ్చయానికి వచ్చేసింది.

పన్నెండో రోజు, మధ్యాహ్నం రెండింటికి ఫోన్ మోగింది.

"నేనండీ, డెబ్బై రెండు మాత్రల మనిషిని. నాలుగు రోజులుగా గుండెల్లో ఒకటే మంట. ముద్ద మింగుతుంటే నొప్పి. మా క్యాంపులో వాళ్లు దీనికి వేరే పేరు పెట్టారు."

"ఏమని?"

"ఊళ్లో ఎవర్నో వదిలేసి వచ్చానట. అందుకేనట. నాకూ నిజమేనేమో అనిపించింది," అన్నాడు.

ఆమె చెవులు వెచ్చబడ్డాయి. అయినా వృత్తిధర్మం వృత్తిధర్మమే.

"మాత్ర ఎన్ని నీళ్లతో వేసుకుంటున్నారు?"

"గుక్కెడు."

"వేసుకుని?"

"పడుకుంటున్నాను."

"అది ప్రేమ కాదు. మాత్ర గొంతు కింద అతుక్కుని అక్కడ పుండు చేస్తోంది. ఇవాళే క్యాంపు డాక్టరుకి చూపించుకోండి."

పేపరు వెనక మావయ్యకు పొలమారింది.

మర్నాడు రెండింటికి మళ్లీ ఫోన్. క్యాంపు డాక్టరు కూడా అదే మాట చెప్పి, పుండు మానడానికి మందిచ్చాడట. "ఇకనుంచి భోజనమయ్యాక గ్లాసుడు నీళ్లు, అరగంట నిటారుగా కూర్చోవడం. కానీ ఇక్కడ మధ్యాహ్నం ఊరికే కూర్చుంటే నిద్ర ముంచుకొస్తుందండీ. ఎవరైనా మాట్లాడుతుంటే రాదు."

రెండు గంటల వేళ షాపులో ఈగలు తోలుకోవడమే పని. ఆమె మాట్లాడింది.

అలా రోజూ అరగంట. వంతెన కోసం నది వెడల్పు కొలుస్తుంటే వాన వచ్చి గుర్తులన్నీ ఎలా చెరిపేసిందో ఆయన చెప్పేవాడు. డాక్టర్ల చేతిరాత చదివీ చదివీ తన చేతిరాత ఎలా పాడైందో ఆమె చెప్పేది. వారం తిరిగేసరికి గుండెల్లో మంట పూర్తిగా తగ్గిందన్నాడు.

"క్యాంపు వాళ్లు పెట్టిన పేరో?" అని ఆమె అడిగింది. అడిగాక నాలుక కరుచుకుంది.

"అది తగ్గలేదండీ," అన్నాడు ఆయన.

ఫోన్ పెట్టేశాక మావయ్య పేపరు దించకుండానే, "అమ్మాయ్, ఇవాళ్టి డోసు అయిందా?" అన్నాడు. ఆమె సర్దిన సీసాలే మళ్లీ సర్దింది.

నలభై మూడో రోజున ఆయన స్వయంగా వచ్చాడు. ముక్కు మీద చర్మం ఊడి ఉంది. టోపీ ఏటిపాలైందట. అప్పట్నుంచి రోజూ మధ్యాహ్నం రెండింటికి తిండి తిని వచ్చి, ఆమె ఎదుటే మాత్ర వేసుకుని, గ్లాసుడు నీళ్లు తాగి, బరువు తూచే మెషీన్ పక్కనున్న స్టూలు మీద అరగంట నిటారుగా కూర్చునేవాడు. ఆమె కౌంటరు వెనక నిలబడి కబుర్లు చెప్పేది. సంతోషంగా ఉండేది. లోపల మాత్రం లెక్క నడుస్తూనే ఉండేది. ఇంకా పంతొమ్మిది. ఇంకా పది. అవి అయిపోయిన రోజు ఈయన కూడా రోడ్డుకి అవతలి పక్కన నడుస్తాడా?

తిరిగొచ్చిన ఇరవై ఏడో రోజున, లెక్క ప్రకారం, కత్తెరతో కత్తిరించిన జంట మాత్రల ముక్క బయటికి రావాలి. ఆయన జేబులోంచి తీసింది కత్తిరించని స్ట్రిప్పు. అందులో ఇంకా మూడున్నాయి.

"ఇలా ఇవ్వండి," అంది ఆమె. "మూడు ఎక్కువున్నాయి. రోజూ నా ముందే వేసుకున్నారు. ఇవెలా మిగిలాయి?"

ఆయన నేల చూశాడు. "తిరిగొచ్చాక మీ షాపు సెలవున్న మూడు రోజులూ వేసుకోలేదు."

"ఎందుకని?"

"సెలవు రోజు వేసుకుంటే ఒకటి వృథా అయినట్టేనండీ. దానికి మీరుండరు. దాచుకుంటే ఇంకో రోజు రావచ్చు కదా అని."

మావయ్య మొదటిసారి పేపరు పూర్తిగా దించాడు.

ఆమెకు కోపంతో కళ్లు నీళ్లు తిరిగాయి. "ఇది మందండీ. సినిమా టికెట్లు కాదు దాచుకోవడానికి. మీకు జ్వరం వచ్చుంటే? నేను లెక్కపెట్టి ఇచ్చిన మాత్రలు నన్ను చూడటానికి దాచుకుని మీరు మంచాన పడుంటే, నేనెలా బతకాలి?"

అనకూడని మాట అనేశానని ఆమెకు ఆలస్యంగా తెలిసింది. ఆయన మెల్లగా తలెత్తాడు.

"ఇవి అయిపోతే ఏ వంకతో రమ్మంటారు?"

"వంక కావాల్సిన మనిషి అసలు రానక్కర్లేదు. ముందు ఎదురుగా ఉన్న డాక్టరు దగ్గరికి నడవండి."

ఆయన నడిచాడు. రక్తపరీక్షలో ఏమీ లేదు. ఆ మూడూ, జంట ముక్కలో రెండూ కలిపి మిగిలిన అయిదూ ఒక్కరోజు తప్పకుండా వేసుకోమని, కొన్ని నెలల లోపు జ్వరం తగిలితే వెంటనే రమ్మని డాక్టరు గట్టిగా చెప్పి పంపాడు. ఆ అయిదు రోజులూ ఆయన వచ్చి, మాత్ర వేసుకుని, స్టూలు మీద తప్పు చేసిన పిల్లాడిలా కూర్చుని వెళ్లాడు. మధ్యలో వచ్చిన సెలవు రోజున కూడా ఆమె షాపు షట్టరు సగం ఎత్తి ఉంచింది. గ్లాసుతో నీళ్లు బయటికి వచ్చాయి, మాట రాలేదు. అయిదో రోజున ఖాళీ రేకు కౌంటరు మీద పెట్టి, "అయిపోయాయండీ," అని వెళ్లిపోయాడు.

రానక్కర్లేదన్న మాట వెనక్కి తీసుకోవడమెలాగో ఆమెకు తెలియలేదు. నిజానికి తీసుకోవాలనీ లేదు. వంక లేకుండా వచ్చే మనిషే ఆమెకు కావాలి.

మర్నాడు పొద్దుట్నుంచీ వాన. రెండయింది. ఆమె గడియారం వైపు చూడలేదు. ఆ పని మావయ్య చేస్తున్నాడు. రెండుంబావు అయింది. రోడ్డుకి అవతలి పక్కన గొడుగులు పోతున్నాయి. ఆమె లేని దుమ్ము తుడవడం మొదలుపెట్టింది.

రెండున్నరకు ఆయన గుమ్మంలో నిలబడ్డాడు. తలనుంచి నీళ్లు కారుతున్నాయి. చేతిలో చీటీ లేదు, కవరు లేదు.

"ఏం కావాలి బాబూ?" అన్నాడు మావయ్య, షాపువాడి గొంతుతో.

"ఏమీ వద్దండీ. ఒంట్లో బాగానే ఉంది." ఆయన ఆమె వైపు చూశాడు. "వంక కోసం దారంతా వెతికాను. ఒక్కటీ దొరకలేదు. అందుకే ఆలస్యమైంది. నేను వంతెనలు కట్టేవాళ్లతో తిరిగే మనిషినండీ, ఏరు దాటి తెప్ప తగలేయడం నా చేతకాదు."

ఆరేళ్లలో, ఒంట్లో బాగుండి ఆ షాపుకి వచ్చిన మొదటి మనిషి ఆయన. ఆమెకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

మావయ్య లేచి, పేపరు మడిచి, కౌంటరు వెనక్కి వచ్చి నిలబడ్డాడు. "అమ్మాయ్, నువ్వు అటు వెళ్లు. ఈయన మందుల మనిషి కాదు, మన మనిషి. కౌంటరు ఇవతల నుంచి మాట్లాడితే బాగోదు." లోపల్నుంచి ఇంకో స్టూలు కూడా ఆయనే తెచ్చి వేశాడు.

ఆమె మొదటిసారి కౌంటరు దాటి వచ్చి ఆయన పక్కన కూర్చుంది. అలవాటు కొద్దీ గ్లాసుతో నీళ్లిచ్చింది. ఆయన తాగి, నిటారుగా సర్దుకున్నాడు.

"ఇవాళ అరగంటేనా?" అన్నాడు.

"ఇవాళ్టినుంచి లెక్క లేదు," అంది ఆమె.