బస్తా ట్యాగులో వంతెన

ముందే ఒప్పుకుంటున్నాను: ఝాన్సీని నేనూ నమ్మాను. ఆ నవ్వు చూస్తే మీరూ నమ్ముతారు. ఏజెంట్ షీబా నమ్మడంలో వింతేముంది?

2013, మే నెల. నరసన్నపేటలో ఒక జీడిపప్పు ఎగుమతి ఆఫీసు. బోర్డు మీద జీడిపప్పు, లోపల విదేశీ ముఠా. షీబా అక్కడ మారుపేరుతో చేరిన ప్రోగ్రామర్. మేనేజర్ ఝాన్సీ కూడా రహస్యంగా మన మనిషే. మా పోలీసు నిఘా డిపార్ట్‌మెంట్ నమ్మకం అదీ.

ఉదయం పదిన్నర. షీబా చెవికమ్మలో దాచిన ఇయర్‌పీస్‌లో చీఫ్ థామస్ గొంతు.

"మన ఏజెంటు ఫిన్నీ, ఈ ముఠా వోళ్ల పేర్లన్నీ పట్టుకొని ఒరిస్సా నించి వస్తన్నాడు. పదకొండుకి పాతపట్నంలో ఉంటాడు. ఆడిని దారిలో ఏసేస్తారట. ఎక్కడో తెలీదు. ఇయ్యాల్టి ఆర్డర్లో ఉంటాది, సూడమ్మా."

షీబా ఒకసారి దగ్గింది. సరేనని అర్థం.

ఆర్డర్లు విదేశం నుంచి ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లుగా వస్తాయి. వాటిని విడిగా తెరవడం కుదరదు, తాళం ఉంటుంది. స్టైల్‌షీట్ అనే ప్రోగ్రామ్ ఒక్కటే వాటిని చదివి కాగితం మీదికి పంపగలదు. కాగితం మీద ‘జీడిపప్పు, ఇరవై బస్తాలు’. అంతే. ఫైల్లో ప్రతి మాటకూ అటూ ఇటూ ట్యాగులనే గుర్తులుంటాయి; స్టైల్‌షీట్‌లోని వాల్యూ-ఆఫ్ అనే ఆదేశం ట్యాగుల మధ్య మాటలే తెస్తుంది, ట్యాగులను పారేస్తుంది. అంటే గుట్టు ట్యాగుల్లోనే ఉండాలి. ట్యాగులతో సహా ఆ ముక్కను స్ట్రింగ్‌గా, అంటే అచ్చయ్యే అక్షరాలుగా మార్చాలంటే సొంత కోడ్ రాయాలి. సొంత కోడ్‌కు ఇక్కడ అనుమతి లేదు.

కానీ బాస్ నరసింగరావు రాహుకాలంలో బస్తా కదలనివ్వడు. ఆ రోజు రాహుకాలం ప్రతి ఆర్డర్ మీదా అచ్చవ్వాలని, సెక్యూరిటీ సెట్టింగ్ తెరిపించి మరీ స్టైల్‌షీట్‌లో ఒక సీషార్ప్ ఫంక్షన్, అంటే సొంత కోడే, పెట్టించుకున్నాడు.

షీబా దాని కింద ఆరు లైన్లు రాసింది. రన్ చేసింది. ఎర్రర్. టైం 10:49.

వెనక సెంటు వాసన. ఝాన్సీ.

"ఏటే, ఏసీలో సెమటలు పడతన్నాయి?"

"ప్రింటర్ ఇరుక్కుందక్కా."

"అదొక్కటేనా ఇరుక్కున్నాది?"

షీబా స్క్రీన్ వైపే చూసింది. ఫైల్లోని ముక్కలను, అంటే నోడ్లను, ఒక్కొక్కటిగా అందించే ఇటరేటర్ మొదటి నోడ్‌కు ఒక అడుగు ముందే నిలబడి ఉంటుంది. కదలమంటేనే కదులుతుంది. కదలమనే లైన్ మరిచిపోయింది. చేర్చి, మళ్లీ రన్ చేసింది.

ప్రింటర్ నుంచి వచ్చిన కాగితాన్ని ఝాన్సీ ముందు లాక్కుంది. బస్తా ట్యాగు మొత్తం అచ్చయింది. చోటు: పాతపట్నం వంతెన. దాడికి బండి: తెల్ల వ్యాన్. ఉప్పందించింది: ఝాన్సీ.

హ్యాండ్‌బ్యాగులోంచి చిన్న పిస్టల్ బయటికొచ్చింది.

"సదివేసినావా?"

"సదివాను."

"మరీ ఎక్కువ సదివే పిల్లలంటే నాకు పడదు. తుడిచెయ్ ఆ కోడు."

షీబా ఒక్కో లైనూ తీరిగ్గా తుడిచింది. ఝాన్సీ కాగితాన్ని ముక్కలు చేసింది.

"పది నిమిషాల్లో ఫిన్నీగాడి పని అయిపోద్ది. ఆనక నీ పని."

పదకొండుకు ఝాన్సీ ఫోన్ మోగింది. అవతల నరసింగరావు అరుపు షీబాకూ వినబడింది. "ఎవలో సెప్పీసినారే. పోలీసులు మన వ్యానుని సుట్టుముట్టినారు. ఆ ఫిన్నీగాడి జీపు వంతెన ఎక్కనేలేదు."

తలుపు దగ్గర బూట్ల చప్పుడు. ముగ్గురు కానిస్టేబుళ్లు, మూడు తుపాకులు. ఝాన్సీ చేయి దించింది.

"కాగితం నేనే సింపీసినాను కదే. ఎలాగ పంపినావు?"

"సొంత కోడక్కా," అంది షీబా. "స్ట్రింగ్ సేసి ఊరుకోమని ఎవలన్నారు? సగం లైన్లు, రన్ అవగానే థామస్ గారికి మెయిల్ ఎట్టడానికే."

మీ ఆఫీసులోనూ నవ్వుతూ మీ వెనక వచ్చి నిలబడే ఝాన్సీలు ఉండే ఉంటారు. ఎలా దొరికారో రాసి పంపండి. ట్యాగులతో సహా.